విరగని కాళ్లు

పొద్దున్న ఏడింటికి పాలు పొంగేలోపే పిచ్చుక స్టౌ కట్టేసింది. టీ కప్పు తెచ్చి వెనక గది తలుపు ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. అవి ప్యాకెట్ పాలు. దొడ్లో అయిదు ఆవులున్న ఇంట్లో ప్యాకెట్ పాలు కాచడం ఇదే మొదటిసారి.

“అమ్మా, టీ. జ్వరం చూసుకున్నావా?”

“చూసుకున్నా.” తలుపు వెనక నుంచి వచ్చింది తల్లి గొంతు. “తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. రాసుకో. రాసుకోవడం నీకు బాగా వచ్చుగా.”

ఆ చివరి ముక్క రోజూ ఉండేదే. పిచ్చుక నోట్‌బుక్కులో తొమ్మిదో రోజుకి ఎదురుగా ఆ అంకె వేసింది.

పిచ్చుక అన్నది చిన్నప్పుడు తండ్రి పెట్టిన పేరు. ముప్ఫై ఏళ్లు వచ్చినా ఇంట్లో ఆ పేరే మిగిలింది. ఆవుల ఒంటి మీద రక్తం పీల్చే పిడుదులు మోసే ఒక రక్తస్రావ జ్వరం మీద ఆమె ల్యాబులో పరిశోధన చేస్తోంది. ఆ వైరస్ వల్ల ఆవులకి ఏమీ కాదు. మేత మేస్తాయి, పాలిస్తాయి. మనిషికి సోకితే మాత్రం వారం తిరక్కుండానే ఒంట్లో రక్తం ఎటు దారి దొరికితే అటు కారిపోతుంది. “మనుషుల డాక్టరువీ కావు, పశువుల డాక్టరువీ కావు. పిడుదుల డాక్టరువి! నాడి ఎక్కడ చూస్తావే వాటికి?” అని నవ్వేవాడు తండ్రి. నవ్వుతూనే తన ఆవుల మీద పిడుదులు ఏరి, సీసాల్లో వేసి కూతురికి పంపేవాడు.

ఆ జ్వరంతోనే పోయాడు. ఆసుపత్రికి వెళ్లే దారి పొడుగునా ఆయన ముక్కులోంచి కారిన రక్తాన్ని తల్లి తువ్వాలుతో తుడిచింది. తువ్వాలు తడిసిపోయాక ఉత్త చేతులతో తుడిచింది. మర్నాటికి మనిషి లేడు. ఆమెని విడిగా ఒక గదిలో ఉంచి, పద్నాలుగు రోజులు రెండు పూటలా జ్వరం చూసి రాయమన్నారు ఆరోగ్య శాఖ వాళ్లు.

ఎనిమిదింటికి ల్యాబు నుంచి పెద్ద మేడం ఫోన్ చేసింది. “నాన్నగారి సీసాల పెట్టె ఒకటి మీ ఇంట్లోనే ఉండిపోయిందేమో చూడమ్మా. తొందరేం లేదు. వీలున్నప్పుడే.”

పెట్టె పశువుల పాకలో గూట్లో ఉంది. పిచ్చుక చేతులకి గ్లౌజులు తొడుక్కుని మూత తీసింది. ముప్ఫై ఆరు సీసాలు. ఒక్కోదాని మీద తండ్రి వంకర అక్షరాలు, ఏ ఆవుకి ఎక్కడ దొరికిందో. “చుక్క. ఎడమ చెవి కింద.” “ముసలిది. తోక మొదట్లో. తన్నింది.” అది చదివి నవ్వొచ్చింది.

ఒక సీసా వెలుగుకి పెట్టి చూసింది. స్పిరిట్‌లో పిడుదు నిండుగా ఉంది. ఎనిమిది కాళ్లు. మూతి కూడా చెక్కు చెదరలేదు. ఇంకో సీసా. ఎనిమిది. ఇంకోటి. ఎనిమిది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆయన మొదటిసారి పంపినవాటిలో సగం కుంటివే. అప్పుడు తనే ఫోన్ చేసి చెప్పింది. “నాన్నా, కాళ్లు విరిగితే ఏ జాతో తేల్చలేం. విరక్కుండా తీస్తేనే పనికొస్తాయి.” “ఆ బుల్లి పట్టకారు నా మొరటు వేళ్లకి చిక్కడం లేదు తల్లీ. చూస్తాలే,” అన్నాడాయన.

గూట్లో పక్కనే గ్లౌజుల డబ్బా ఉంది. రెండు నెలల కింద తనే తెచ్చిచ్చింది. దాదాపు మూత దాకా నిండుగానే ఉంది. నాలుగు జతలు తగ్గాయేమో.

పిచ్చుక బోర్లించిన పాల క్యాను మీద కూలబడింది. చుక్క మెడ సాచి ఆమె భుజం వాసన చూసి, మళ్లీ గడ్డి నమలసాగింది. దాని రక్తంలోనే దొరికింది వైరస్. ఆవు మాత్రం దున్నపోతులా తింటోంది.

పెట్టె వివరాలు రాద్దామని నోట్‌బుక్కు తెరిచింది. కళ్లు తల్లి పేజీ మీద పడ్డాయి. పొద్దున తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. సాయంత్రం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. మర్నాడు అదే. ఆ మర్నాడూ అదే. పదిహేడు సార్లు, ఒకటే అంకె. ఇంకెవరైనా ఇలాంటి కాగితం పంపి ఉంటే ల్యాబులో నవ్వి అవతల పడేసేది. ఇంట్లో తన చేత్తోనే, తొమ్మిది రోజులు, చూడకుండా రాసింది.

పరుగున వచ్చి వెనక గది తలుపు కొట్టింది.

“అమ్మా, తలుపు తియ్యి!”

“ఎందుకు? నన్ను కూడా సీసాలో వేసి పంపమందా మీ మేడం?”

“పదిహేడు సార్లు ఒకే అంకె చెప్పావు. మనిషి ఒళ్లు గోడ కాదమ్మా, పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటుంది.”

“ఇన్నాళ్లకి తెలిసిందా? అంత చదివినదానివి, రెండో రోజే పట్టుకుంటావనుకున్నా. ఆ థర్మామీటరు కవరు కూడా విప్పలేదు.”

“చచ్చిపోదామనా?”

“ఆసుపత్రిలో ఆ అద్దాల గదికి పోను!” తల్లి గొంతు చీలింది. “ఆయన్ని అందులో పడేసి నన్ను ఇవతల నిలబెట్టారు. మంచినీళ్లు అడుగుతున్నాడే. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. ఏమడుగుతున్నాడో నాకు తెలుస్తోంది, వాళ్లకి తెలియడం లేదు. నీ పురుగుల కోసం పోయాడే బంగారంలాంటి మనిషి!”

పిచ్చుక తలుపుకి నుదురు ఆనించింది.

“అవునమ్మా. ఇప్పుడే పెట్టె చూశాను. ఒక్కదానికీ కాలు విరగలేదు. పట్టకారుతో తీస్తే అలా రావు. విరిగితే పనికిరావని నేనే అన్నాను. నా మాటకే గ్లౌజులు తీసేసి వేళ్లతో పీకాడు. నాన్నని నేనే...”

లోపల గడియ జరిగింది. సందులోంచి తల్లి ముఖం సగమే కనిపించింది.

“నీ మాటకి కాదే,” అంది తల్లి. “ఆ గ్లౌజుల్లో చెమట పట్టి తడబడుతుంటే నేనే విసుక్కున్నా. ఇన్నేళ్లు ఉత్త చేతుల్తో పీకి గోటితో నలిపావు, ఇప్పుడు నీకు తొడుగులు కావాల్సొచ్చాయా, పిల్లకి మంచివి పంపు అని నా చేత్తో లాగి పడేశా. ‘డాక్టరమ్మకి చెప్పకు, ఇద్దర్నీ తిడుతుంది’ అని నవ్వాడు.” ఊపిరి అందక ఆగింది. “నిన్ను అనకపోతే నన్ను నేను అనుకోవాలి. అది నా వల్ల కాలేదు.”

పిచ్చుక ఆ మాటలకి ఏడవబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది. చెంపలు కందిపోయి ఉన్నాయి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఎప్పట్నించి?”

“నిన్న మధ్యాహ్నం నుంచి. నడుము విరిగిపోతోంది.”

ఆరోగ్య శాఖ వాళ్లిచ్చిన మాస్కు, గౌను వేసుకుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని పిచ్చుక గదిలోకి వెళ్లింది. థర్మామీటరు కవరు చింపి పెట్టింది. నూట రెండు పాయింట్ ఆరు. తొమ్మిది రోజుల్లో అదొక్కటే నిజమైన అంకె. అది రాయడానికి పెన్ను కదల్లేదు. ఫోన్ చేసింది. ఆసుపత్రి బండి అరగంటలో వస్తుందన్నారు.

“పోతానులే,” అంది తల్లి, మంచం మీద గోడకి ఆనుకుని. “ఒకటి చెప్పు. అద్దం అవతల నుంచి నేను నీళ్లడిగితే పోల్చుకోగలవా?”

“పోల్చుకుంటానమ్మా. పోల్చుకుని వాళ్లకి చెప్తాను.”

బయట బండి ఆగిన చప్పుడయింది. పిచ్చుక మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నిండా తొమ్మిది రోజులు తల్లిని తాకలేదు. ఇక ఎప్పుడు తాకుతుందో, అసలు తాకుతుందో లేదో. ఆమె వేళ్లు వాటంతటవే ఎడమ చేతి గ్లౌజు అంచు పట్టుకుని లాగాయి.

తల్లి అంత జ్వరంలోనూ చప్పున ముందుకి వంగి, దుప్పటి కొస అడ్డం పెట్టి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. జారిన రబ్బరు అంచుని దుప్పటితోనే మణికట్టు దాకా మెల్లగా పైకి నెట్టింది.

“తియ్యకు తల్లీ,” అంది. “ఈసారి తియ్యమనను.”