పుంజుని జోకొట్టిన ఇల్లు

వీధి చివర ఆ పాతింటి గురించి మంచిగా మాట్లాడినవాళ్ళు లేరు. వెనకటికి అందులో ఒక ఆయా ఉండేదట. వీధి పిల్లలందర్నీ జోకొట్టి జోకొట్టి, చివరికి ఊయల ఊపుతూనే కన్నుమూసిందట. అప్పట్నించీ తెల్లవారుజామున ఆ గుమ్మం తొక్కితే మత్తు కమ్మేస్తుందని... రెప్పలు వాటంతటవే మూతపడతాయని... చెప్పుకునేవాళ్ళు.

విన్నవాళ్ళంతా వణికారు. టైలరు షాపులో బట్టలు కత్తిరించే ఆవిడ మాత్రం కత్తెర ఆపి అడిగింది—

"నిజంగా నిద్రొస్తుందా?"

ఎందుకడగదూ! ఆవిడ కొడుకు రెండేళ్ళ గడుగ్గాయి. వీధంతా వాణ్ణి పుంజు అంటుంది. చీకటి విడకముందే లేచి, తల్లి కనురెప్పలు వేళ్ళతో పైకెత్తి, "అమ్మా, తెల్లాలింది!" అంటాడు. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమంది అత్తగారు. మర్నాడు ఇంకా ముందే లేచాడు. కిటికీకి నల్లదుప్పటి కట్టింది. దాని వెనక దాగుడుమూతలు ఆడాడు. మొగుడా? మంచం విరిగినా లేవడు. లేచాక మాత్రం "రాత్రి సరిగా నిద్రే పట్టలేదోయ్" అంటాడు, సిగ్గులేకుండా.

ఆవిడేమో నిద్ర తూగులో ఎవరి కోటుకో రెండు చేతులూ ఎడమచేతివే కత్తిరించింది. "ఇంకొక్క బట్ట పాడైతే పనిలోకి రావొద్దమ్మా" అనేశాడు షాపాయన.

మర్నాడు పుంజు కూయగానే వాణ్ణి చంకనేసుకుని నడిచింది... ఆ ఇంటికే.

తలుపు తోసింది. కిర్ర్ర్...

లోపల — మూల — తెల్లగా ఏదో!

తల లేదు. ఒంటినిండా తెల్లగుడ్డ. అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది. దాని కాళ్ళ దగ్గర... కిలకిలా నవ్వు.

ఆవిడ పుంజుని గట్టిగా అదుముకుంది. "ఎ... ఎవరది?"

గుడ్డలోంచి తల పైకి లేచింది. "అరవకక్కా... నేనే."

సందు మలుపులో సెలూను నడిపే అతను! చలికి మెడనుంచి కప్పుకున్న క్షవరం గుడ్డ. ఇంతసేపూ తల వేలాడేసి కునికిపాట్లు పడుతున్నాడు. కాళ్ళ దగ్గర అతని కూతురు, పుంజు ఈడుదే.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"మత్తొస్తుందన్నారు గదా! ఇదీ నీ పుంజులాంటిదే. నిన్న నిద్రలో తూలి ఒకాయన మీసం సగం లేపేశానక్కా."

"సరే, ముందు నువ్వు పడుకో. పిల్లల్ని నే చూస్తా."

"ఛ, ఛ, నువ్వే పడుకో అక్కా..."

ఆ మర్యాదలు తేలనే లేదు. ఇద్దరూ గోడకి ఒరిగిపోయారు.

కళ్ళు తెరిచేసరికి ఎండ ముఖాన పడుతోంది. ఆవిడ చటుక్కున లేచి కూర్చుంది... పిల్లలు!

ఇద్దరూ పక్కపక్కనే, మెడదాకా తెల్లగుడ్డ కప్పుకుని, నోళ్ళు తెరిచి నిద్రపోతున్నారు.

"పుంజుని పడుకోబెట్టావా! నీ చేతిలో ఏం మహత్తుందిరా తమ్ముడూ!"

అతను మెడ తడుముకున్నాడు. గుడ్డ లేదు. "నేనిప్పుడే లేచా... జోలపాట పాడింది నువ్వు కాదా?"

"నాకు ఒక్క పాటా రాదు."

పైన దూలానికి వేలాడుతున్న పాత ఊయల గొలుసు... కిర్రు... కిర్రు... ఊగుతోంది. గాలి లేదు.

అతను కూతుర్ని లాక్కుని ఒక్క ఉదుటున వీధిలో పడ్డాడు.

ఆవిడ కొడుకుని భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వచ్చి ఆగింది. వాడు లేవకుండా మెల్లగా వెనక్కి తిరిగి, ఖాళీ మూలకేసి గుసగుసలాడింది—

"రేపు కూడా తీసుకొస్తాను పిన్నీ... ఆదివారం సెలవు పెట్టవుగా?"