సత్యంగారి తుపాకుల బీమా

శనివారం పొద్దున గీతాంజలి పెనం మీద పెసరట్టు వేసి, గరాజ్‌లోకి తొంగి చూసేసరికి సత్యంగారు నేల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద తన తుపాకులన్నిటినీ వరసగా పడుకోబెట్టి ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నారు. నడుము వంగనంటోంది. ఒక్కో ఫోటోకీ ఒక్కో మూలుగు.

"ఏమండీ, పిల్ల వచ్చే వేళవుతోంది. ఇల్లు సర్దమంటే మీరు సర్దేది ఇదా?"

"అఖిల్ మళ్ళీ ఫోటోలు పంపమన్నాడు గీతా. మనం పంపినవి పనికిరావట."

"ఎందుకు పనికిరావు? దసరాకి అంత ముచ్చటగా తీశాం కదా!"

"అదే వచ్చిన చిక్కు. నంబర్లన్నీ నువ్వు పూసిన పసుపు కింద ఉన్నాయి."

అఖిల్ ఇన్సూరెన్స్ ఏజెంట్. వీళ్ళ ఊరు ప్లేనోలో సగం తెలుగువాళ్ళ కార్లూ ఇళ్ళూ అతని చేతుల్లోనే ఉన్నాయి. ఇంటి పాలసీలో తుపాకులు దొంగతనంలో పోతే వచ్చేది అంతంతమాత్రమేననీ, వాటికి విడిగా పాలసీ తీసుకోవాలనీ చెప్పింది అతనే. ఒక్కో తుపాకీకి సీరియల్ నంబర్ కనిపించే ఫోటో కావాలన్నాడు. వీళ్ళ దగ్గరున్నవా, ఆయుధపూజ ఫోటోలు. ఏటా దసరాకి గీతాంజలి కారు తాళాలు, మిక్సీ, మొగుడి లాప్‌టాప్‌తో పాటు తుపాకులకీ పసుపు పూసి, బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి హారతి ఇస్తుంది. "పూలు సూపర్‌గా ఉన్నాయి అంకుల్, కానీ కంపెనీవాళ్ళకి గన్ కనపడాలి కదా" అన్నాడట అఖిల్.

ఈ హడావిడంతా నైనిక కోసం. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక్కగానొక్క కూతురు. ఆస్టిన్‌లో ఉద్యోగం, మంచి మొగుడు, ఇప్పుడు ఏడో నెల. అల్లుడు హర్షిత్ ఉద్యోగరీత్యా వారంలో సగం రోజులు విమానాల్లోనే ఉంటాడు కాబట్టి పురుడు పుట్టింట్లోనే అనుకున్నారు. ఆ మాట ఖాయమైన రోజునే నైనిక ఫోన్‌లో తండ్రితో ఒక్క ముక్క చెప్పింది. "డాడీ, బేబీ వచ్చేలోపు ఆ గన్స్ సంగతి చూడు. నాకు భయంగా ఉంది."

సత్యంగారు మర్నాడే అఖిల్‌కి ఫోన్ చేశారు.

ఆయన తీరే అంత. ఈ దేశానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన లెక్కలో భయం అంటే ప్రీమియం కట్టాల్సిన వ్యవహారం. వడగళ్ళు పడతాయేమోనని ఇంటి కప్పుకి, మామగారు చూడ్డానికి వస్తే ఆయన గుండెకి, కూతురు కారు నేర్చుకుంటే ఆ కారుకి, ఆఖరికి వాషింగ్ మెషీన్‌కి కూడా పాలసీ ఉండాల్సిందే. నలుగురిలో కూతుర్ని దగ్గరకి తీసుకోవడం, బంగారుతల్లీ అని పిలవడం ఆయనకి చేతకాదు. ఆ లోటంతా పాలసీలతో పూడ్చుకుంటూ వచ్చారు పాపం.

నైనిక అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. కారు ఇంటి ముందు ఆగేసరికి గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. దుప్పటి మీద తుపాకులు ఎండకి మెరుస్తున్నాయి. కారు దిగకుండానే ఆ పిల్ల ముఖం మాడిపోయింది. సత్యంగారు అది చూడనే లేదు. వెలిగిపోతూ ఎదురెళ్ళారు.

"రా అమ్మా రా! నువ్వు చెప్పిన పని అయిపోయినట్టే. సోమవారానికల్లా పాలసీ వచ్చేస్తుంది. దొంగలు ఎత్తుకెళ్ళినా, ఇల్లు కాలిపోయినా, పడవలోంచి జారి చెరువులో పడ్డా మొత్తం ఇస్తారు. ఇక నీకేం భయం అక్కర్లేదు."

"ఏం పాలసీ డాడీ?"

"వీటికేనమ్మా. ఇన్సూరెన్స్."

నైనిక ఒక చేత్తో నడుము పట్టుకుని తండ్రిని అలా చూస్తూ నిలబడింది. "గన్స్ సంగతి చూడు అంటే ఇంట్లో వద్దు అని డాడీ. నువ్వు వాటికి ఇన్సూరెన్స్ కొన్నావా?"

"నీకు భయం అన్నావని…"

"అవి పోతే నీకు చెక్ వస్తుంది, ఓకే. నా బేబీకి ఏమైనా అయితే ఎవరు ఇస్తారు? ఏం ఇస్తారు?"

"ఎప్పుడూ సేఫ్‌లో తాళం వేసే ఉంటాయి తల్లీ. ఫోటోల కోసమని ఇవాళ…"

"ఇవాళ ఫ్లోర్ మీద ఉన్నాయి డాడీ. బేబీ క్రాల్ చేసేది ఫ్లోర్ మీదే."

 లోపల్నుంచి పెసరట్టు మాడిన వాసన వచ్చింది. గీతాంజలి కదల్లేదు.

"నేను వెళ్ళిపోతాను మమ్మీ. డెలివరీకి నువ్వే ఆస్టిన్ రా. డాడీ ఇక్కడ తన గన్స్ చూసుకుంటాడు." నైనిక కారు వైపు తిరిగింది. "చిన్నప్పటి నుంచి అంతే. నాకంటే అవే ఇష్టం."

ఆ మాటకి సత్యంగారు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. కోపం రాలేదు. ఏదో అర్థంకానిది విన్నట్టు భార్య వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశారు.

"ఇష్టమా? నాకా? ఆ మోతంటేనే నాకు పడదే నైనీ. పేలిన ప్రతిసారీ కళ్ళు మూసుకునేవాణ్ణి. నువ్వెప్పుడూ చూడలేదా?"

"మరి ఎందుకు కొన్నావు ఇన్ని?"

"నీకిష్టమని." ఆయన దుప్పటి మీది తుపాకుల వంక చూశారు. "హైస్కూల్లో నువ్వు నాతో మాట్లాడ్డం మానేశావు. వచ్చీ రాగానే గదిలో దూరి తలుపేసుకునేదానివి. స్కూల్ రైఫిల్ షూటింగ్ టీమ్‌లో చేరాకే నాతో తుపాకులు కాల్చే రేంజ్‌కి రావడం మొదలుపెట్టావు. ఇంటికొచ్చాక ఇక్కడే కూర్చుని ఇద్దరం తుపాకీ తుడిచేవాళ్ళం గుర్తుందా? తుడుస్తున్నంతసేపూ కబుర్లు చెప్పేదానివి. టీచర్ల గురించి, ఫ్రెండ్స్ గురించి. తుడవడం అయిపోతే లేచి వెళ్ళిపోయేదానివి. అందుకని ఇంకోటి కొన్నాను. ఆ తర్వాత ఇంకోటి. ఎన్ని ఉంటే అంతసేపు కూర్చుంటావు కదా అని."

నైనిక నెమ్మదిగా వచ్చి తండ్రి ఎదురుగా గోడకి ఆనుకుంది.

"డాడీ, నాకు గన్స్ ఎప్పుడూ ఇష్టం లేదు. చేరిన రెండు నెలలకే టీమ్ వదిలేద్దాం అనుకున్నా."

"మరి కాలేజీకి వెళ్ళేదాకా ప్రతి శనివారం వచ్చావుగా?"

"అక్కడ మోత వినపడకుండా నువ్వు చెవులకి ఇయర్‌మఫ్స్ పెట్టుకుంటావు. అవి పెట్టుకుంటే ఆఫీస్ కాల్ తీసుకోలేవు కదా." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంట్లో ఎప్పుడూ కాల్‌లోనే ఉండేవాడివి. డిన్నర్‌లో కూడా. ఒక్క రేంజ్‌లోనే నువ్వు నాతో ఉండేవాడివి. అందుకే ఇష్టం అని చెప్పాను."

 ముందు తేరుకున్నది గీతాంజలి.

"అంటే ఏమిటి? మీ ఇద్దరికీ పడని వాటికి నేను ఇన్నేళ్ళూ పసుపూ కుంకాలూ పెట్టి హారతులిచ్చానా? ఆ బంతిపూలేవో నా తల్లో పెట్టుకున్నా బాగుండేది కదా!"

నైనిక పకాలున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. సత్యంగారు లేచి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయి, ఎక్కడ వెయ్యాలో తెలియక తల మీద పెట్టారు. ఆమె ఆ చేతిని అలాగే ఉండనిచ్చింది.

తుపాకులు ఆ మధ్యాహ్నమే ఇల్లు దాటాయి. అన్నిటినీ పెట్టెల్లో సర్ది, కారు వెనక పెట్టుకుని, కొన్న షాపులోనే అమ్మకానికి ఒప్పజెప్పి వచ్చారు. ఎండలో వద్దన్నా వినకుండా నైనిక కూడా తండ్రి పక్కన కూర్చుని వెళ్ళింది. దారిలో అఖిల్ ఫోన్ చేస్తే సత్యంగారు పాలసీ వద్దనేశారు. "ఏమైంది అంకుల్, ప్రీమియం ఎక్కువనిపించిందా?" అని అతను కంగారుపడ్డాడు. "లేదు బాబూ, అవసరం తీరిపోయింది" అన్నారు ఆయన.

తిరిగొస్తూ గీతాంజలి చెప్పిన కూరలు కొనడానికి ఇండియన్ స్టోర్ ముందు ఆగారు. సత్యంగారు సంచీ తీసుకుని దిగబోతుంటే నైనిక ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"డాడీ, ఇంకో మాట చెప్పనా? గన్స్ పోయాయి కానీ నా భయం పోలేదు."

"ఇంకా దేనికమ్మా?"

"డెలివరీకి. రోజూ భయం వేస్తోంది. హర్షిత్‌కి చెప్పలేదు, టెన్షన్ పడతాడు. మమ్మీకి చెప్తే ఏడుస్తుంది."

సత్యంగారు నోరు తెరిచారు. ఆస్పత్రి ఖర్చు మొత్తం కవర్ అవుతుందనీ, కావాలంటే ఇంకో పాలసీ కూడా చూస్తాననీ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి ముఖం చూశారు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఇలాగే చూసేది. ఆ మాట మింగేశారు.

"నాకూ భయంగానే ఉంది తల్లీ" అన్నారు. "నువ్వు పుట్టిన రోజు ఆస్పత్రి వరండాలో నా చేతులు వణుకుతుంటే జేబుల్లో దాచుకున్నాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడూ అలాగే ఉంది."

కూతురితో ఆయన అలాంటి మాట అనడం ఇదే మొదలు. నైనిక ఆయన భుజం మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏం చెయ్యమంటావు చెప్పు. ఏం కావాలన్నా చేస్తాను."

"ఏం చెయ్యకు డాడీ. కాసేపు ఇలా కూర్చో."

సత్యంగారు సంచీ కింద పెట్టి, కూతురి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చున్నారు. ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఈసారి ఆయన వాటిని దాచుకోలేదు.