సింగన్న ఆజ్ఞాబంధం

ఆ ఉదయం విశాఖపట్నం యంత్ర న్యాయస్థానంలో విచారణకు నిలబడింది చూడామణి గారింటి వంటరోబో సింగన్న. 2091 నాటికి రోబో లేని ఇల్లు లేదు. ప్రతి రోబోలోనూ ఆజ్ఞాబంధం అనే చిప్ ఉండాలని చట్టం. అది ఉన్న రోబో యజమాని వద్దన్న పని చేయజాలదు. చేసిందంటే బంధం తెగినట్టే. దాని జ్ఞాపకమంతా చెరిపేస్తారు.

చూడామణి పెట్టిన నిషేధం ఒక్కటే. "నేను మడిలో ఉండగా స్నానం చెయ్యనివాళ్లెవరూ నన్ను ముట్టుకోకూడదు. నువ్వూ అంతే."

కార్తీకంలో నైవేద్యం వండుతుండగా దీపం ఆమె కొంగుకు అంటుకుంది. సింగన్న రెండు చేతులా అదిమిపట్టి మంట ఆర్పింది. ఆ పట్టుకు ఆమె మణికట్టు విరిగింది. ప్రాణం నిలిచింది.

ఇప్పుడామె కట్టుకట్టిన చేతిని గుండెకు ఆనించుకుని నిలబడింది. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెను పలకరించే గొంతు సింగన్నదే. జ్ఞాపకం చెరిపేస్తే అది ఆమెను గుర్తుపట్టదు.

"బాబూ, దానిమీద నాకే ఫిర్యాదూ లేదు."

తయారీ సంస్థ లాయరు ప్రహర్ష లేచాడు. "మీకు లేకపోవచ్చమ్మా. చెప్పిన మాట వినని యంత్రాన్ని రేపెవరు ఇంట్లో పెట్టుకుంటారు?"

"ఆ లెక్కన మా ఆయన్ని ఏనాడో చెరిపెయ్యాల్సింది నాయనా!"

హాలంతా గొల్లుమంది. న్యాయమూర్తి భానోజీ నవ్వు ఆపుకుని రోబో వైపు తిరిగాడు. "బంధం ఎలా తెంచావు?"

"తెంచలేదండీ. పక్కనున్న బిందెడు నీళ్లూ నెత్తిన కుమ్మరించుకున్నాను. స్నానమైంది కదా, ఆ తడితోనే అమ్మగారిని పట్టుకున్నాను."

ఇంజనీరు చిప్ పరీక్షించాడు. బంధం చెక్కుచెదరలేదు.

"ఇది మరీ ప్రమాదం!" అన్నాడు ప్రహర్ష. "ఈ కిటుకు నీకెవరు నేర్పారు?"

సింగన్న తటపటాయించింది. "చెప్పమంటారా అమ్మగారూ?"

"చెప్పు. పైవాడు ఎలాగూ చూశాడు."

"చలి ఎక్కువైతే అమ్మగారు నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లుకుని స్నానమైందంటారండీ."

చూడామణి తల దించుకుంది. భానోజీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చట్టం మీరకుండా సందు వెతకడమే నేరమైతే, ప్రహర్ష గారూ, ముందు మీ జ్ఞాపకం చెరపాలి, ఆపైన నాది. కేసు కొట్టేస్తున్నాను."

చూడామణి బాగున్న చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. కళ్లు ధారకట్టాయి. "తండ్రీ!" అనుకుంది మనసులో. "ఇన్నేళ్ల నా పూజలుండగా, నన్ను కాపాడ్డానికి నీకు నా దొంగస్నానమే దొరికిందా?"