ఐదుకి ఒకటి

…అసలు ఒకటి వేయాలంటే మనిషికి ఎంత కోపం ఉండాలి? రెండు వేయవచ్చు కదా, రెండులో కాస్త మర్యాద ఉంది. మూడైతే ఏ గొడవా లేదు, మొహమాటస్తులంతా మూడే వేస్తారు. ఆమె మాత్రం పెన్ను గట్టిగా నొక్కి, నకలులో కూడా గీత లావుగా కనబడేలా, ఒకటి చుట్టూ సున్నా చుట్టింది.

మూడు వారాలుగా అతని బుర్ర ఈ గానుగ చుట్టూనే తిరుగుతోంది. ఇప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చున్నా అదే. అద్దం మీద వాన చినుకులు ఒకదాన్నొకటి కలుపుకుని జారిపోతున్నాయి. వాటికున్న చొరవ తనకి లేదనిపించింది.

ప్రభుత్వాలూ సంస్థలూ నడిపే కార్యక్రమాల వల్ల జనానికి నిజంగా మేలు జరిగిందా లేదా అని తేల్చిచెప్పే చిన్న కన్సల్టెన్సీలో వాళ్ళిద్దరూ కలిశారు. అక్కడ సొంత సిబ్బంది తక్కువ. పని వచ్చినప్పుడల్లా బయటినుంచి నిపుణుల్ని పిలుస్తారు. అంకెలకి ఇతను, ఇంటర్వ్యూలకి ఆమె. సర్వే చేసే పిల్లలు వాళ్ళకి లెక్కలాయన, మాటలావిడ అని పేర్లు పెట్టేశారు.

మొదటిరోజే ఇద్దరికీ చెడింది. ముసలివాళ్ళని చూసుకోవడంలో ఆడవాళ్ళకిచ్చిన శిక్షణ మీద అతను పట్టిక చూపిస్తుంటే, ఆమె ఒక ఫారం తీసి ముందు పెట్టింది. ఇందులో అన్నిటికీ నాలుగే ఎందుకుందో తెలుసా, ఇది నింపినావిడకి అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, అంది. అందరూ నవ్వారు. ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు, కోపంవల్ల మాత్రం కాదు.

ఎనిమిది నెలలు కలిసి పనిచేశారు. ఆమెకో అలవాటుంది. ప్రశ్న అడిగి ఊరుకుంటుంది. ఆ నిశ్శబ్దం భరించలేక ఎదుటివాళ్ళు నిజం చెప్పేస్తారు. అతను మాత్రం ప్రతిసారీ టీ తెస్తానని లేచిపోయేవాడు.

పని ముగిశాక అక్కడ ఒక పద్ధతి. నిపుణులు ఒకరి గురించి ఒకరు ఫారం నింపాలి. పేరు తీసేసి నకలు ఎవరిది వాళ్ళకి ఇస్తారు. ఉన్నదే ఇద్దరైతే పేరు తీసేసి ఏం లాభం? ‘ఈ వ్యక్తితో మళ్ళీ కలిసి పనిచేస్తారా?’ అన్న ప్రశ్నకి అతను ఐదు వేశాడు. ఆమె ఒకటి.

కొత్త పనికి ఇద్దరినీ రమ్మన్నారు. జవాబుకి ఇవాళే గడువు. రానంటూ రాసిన ఉత్తరం అతని సంచిలో ఉంది. పొద్దున అన్నం కెలుకుతూ కూర్చుంటే అక్క విసుక్కుంది. “వద్దనుకుంటే వెళ్ళి మొహం మీద చెప్పిరా. మూడు వారాల్నించి నా కూర మీదేంట్రా నీ అలక?”

బస్సు దిగి వెళ్ళి ఇస్తే, కన్సల్టెన్సీ నడిపే పెద్దమేడమ్ ఆ ఉత్తరం చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. ఇద్దరూ కూడబలుక్కున్నారా అని అడిగింది. ఆమె కూడా ఇందాకే వచ్చి రానని చెప్పిందట. పక్కగదిలో రికార్డర్లు అప్పగిస్తోందట.

“ఎందుకు రానందో?” అన్నాడు, ఏమీ పట్టనట్టు.

“నువ్వు ఐదు వేశాక ఇంకెందుకొస్తుంది బాబూ?”

ఐదంటే అన్నిటికన్నా ఎక్కువ కదా అన్నాడతను. మేడమ్ లేచింది. బీరువాలోంచి అతను నింపిన అసలు ఫారం తీసి అతని వైపు తిప్పింది. పైన, నకలులో మసకబారిపోయిన చోట, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: సరిసంఖ్య ప్రశ్నలకు కొలమానం తిరగబడి ఉంటుంది. ఒకటి అంటే ‘తప్పకుండా’. ఐదు అంటే ‘ఎప్పటికీ వద్దు’.

మళ్ళీ కలిసి పనిచేస్తారా అన్నది ఆరో ప్రశ్న.

ఆ వాక్యాలు అతనివే. పాల ఆవిడలా ఒకే అంకె వేసుకుంటూ పోయేవాళ్ళని పట్టుకోడానికి, మాటలావిడ మెచ్చుకుంటుందని, ఏడు నెలల క్రితం తనే తయారుచేసిన ఫారం. తను రాసిందే కదా అని నింపేటప్పుడు పైన చదవలేదు.

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆమె వేసింది ఒకటి. తప్పకుండా. మరుక్షణమే రెండోది తట్టింది. మూడు వారాలుగా ఆమె చూస్తున్నది ఐదు.

ఫారం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. ఆమె వైర్లు చుడుతోంది. తలెత్తలేదు.

“నేను వేసిన ఐదు తప్పండి.”

“మీ అంకెలు తప్పు చెప్పవని కదా మీరనేది.”

“పైన రాసింది చదవలేదు.”

“రాసింది మీరే కదా?”

“అందుకే చదవలేదు.”

ఆమె చేతిలో వైరు ఆగింది. పెదవి చివర ఏదో కదిలింది, దాన్ని అక్కడే ఆపేసింది.

“అయితే ఏం వేద్దామనుకున్నారు?”

అడిగి ఊరుకుంది. బయట వాన రేకుల మీద పడుతోంది. టీ తెస్తానని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

“ఒకటి. ఆ ప్రశ్నలో ‘పనిచేస్తారా’ కొట్టేసి ‘ఉంటారా’ అని రాసినా, నా జవాబు అదే.”

ఆమె వైరు చివరిదాకా చుట్టి బల్ల మీద పెట్టింది. 

“నాది దిద్దక్కర్లేదు,” అంది మెల్లగా. “నేను చదివే వేశాను.”

మూడు వారాల బరువు ఎటుపోయిందో తెలియలేదు.  పెన్సిల్‌తో వేసిన ఐదు చెరిపేద్దామని రబ్బరు కోసం వెతికాడు.

“చెరపకూడదండీ. సర్వే పిల్లలకి ఎన్నిసార్లు చెప్పాను? తప్పు కూడా కనబడాలి. ఒక గీత కొట్టి, పక్కన సరైంది రాసి, సంతకం పెట్టాలి.”

తన పెన్ను అతనికిచ్చింది.

అతను ఐదు మీద ఒక్క గీత కొట్టాడు. పక్కన ఒకటి వేసి, దాని కింద, వంకర లేకుండా, తన పూర్తి పేరు రాశాడు.