గ్లవ్స్ కింద ఉంగరం

మా పరిచయం తిట్లతో మొదలైంది. తిట్టింది ఆమె, తిన్నది నేను.

ఆ రోజు మా ఆఫీసు మెట్ల కింద ఒక పిల్లి కాలు విరిగి పడి ఉంది. దాన్ని ప్రింటర్ కాగితాల అట్టపెట్టెలో పెట్టుకుని, జోరు వానలో పశువుల క్లినిక్‌కి పరిగెత్తాను. పిల్లి తడుస్తుందేమోనని పెట్టె చుట్టూ టేపు వేసేశాను.

"దీనికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు?" అంది డాక్టరు, టేపు పరపరా చీల్చేస్తూ.

"హడావుడిలో తోచలేదండీ."

"మీరేం చేస్తుంటారు?"

"ఇళ్లకి ప్లాన్లు గీస్తాను."

"వాటికైనా కిటికీలు పెడతారా, లేక అక్కడా టేపేనా?"

పిల్లి కోలుకుంది. నేను కోలుకోలేదు. కట్టు మార్పించడానికి ఒక్కసారి వస్తే చాలంటే నాలుగుసార్లు వెళ్లాను. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్కేలు చూసి నాకు 'స్కేలు' అని పేరు పెట్టింది. ఆర్నెల్లకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఏడాదిన్నరకి, ఉంగరం చేతిలో పెట్టుకుని అడిగేద్దామన్నంత ధైర్యం నాకొచ్చింది.

నగల షాపు చాలా చిన్నది. ముందొక గాజు బల్ల, వెనక ఒక దీపం, దీపం కింద నగలు చేసే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకుని పని చేసుకుంటోంది.

"ఉంగరం కావాలండీ. తెల్ల బంగారంలో, పెద్ద వజ్రం, బాగా ఎత్తుగా ఉండాలి. దూరం నుంచి కూడా కనపడాలి."

"ఎవరికి కనపడాలి బాబూ? అమ్మాయికా, వీధికా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"అమ్మాయి ఏం పని చేస్తుంది?"

"పశువుల డాక్టరండీ."

"అయితే రోజుకి ఎన్నిసార్లు గ్లవ్స్ వేసుకుంటుంది? ఏ చేతివాటం? వేలి కణుపు లావుగా ఉంటుందా? ఏదైనా లోహం ఒంటికి పడదా?"

ఏడాదిన్నరగా ఆ చెయ్యి పట్టుకుని తిరుగుతున్నవాణ్ణి, తెల్లమొహం వేశాను.

ఆవిడ సొరుగులోంచి రాయి ఎత్తుగా ఉన్న ఉంగరం తీసి తన వేలికి పెట్టుకుంది. దాని మీంచి పల్చటి రబ్బరు గ్లవ్ లాగింది. రాయిని పట్టుకున్న కొక్కేల దగ్గర గ్లవ్ పుటుక్కున చిరిగింది.

"చిరిగిన గ్లవ్‌తో కుక్క నోట్లో చెయ్యి పెట్టదు కదా. ఉంగరం తీసి సొరుగులో పెడుతుంది. ఇక అది సొరుగులోనే ఉంటుంది. ముందు వెళ్లి ఆ అమ్మాయి చేతులు సరిగ్గా చూసిరా."

చూశాను. వారం రోజులు అదే పనిగా చూశాను. చూసిందల్లా ఒక కాగితం మీద రాసుకున్నాను. ప్లాన్లు గీసేవాడి అలవాటు మరి.

"ఏంటి, ఈమధ్య నా మొహం మానేసి చేతులు చూస్తున్నావు?" అంది ఒకసారి.

"ఏం లేదు, ఊరికే."

చేతులు రెండూ కోటు జేబుల్లో దూర్చేసుకుంది. చలేస్తోందేమో అనుకున్నాను. అంత తెలివి నాది.

ఆదివారం మా ఇంటికొచ్చింది. నేను వంటగదిలో టీ కాస్తుంటే గదిలోంచి అలికిడి లేదు. కప్పులు పట్టుకుని వెళ్లేసరికి నా డ్రాయింగ్ బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఆ కాగితం.

"'వేలి కణుపు లావు,'" అని చదివింది. "'వాచీ కింద దద్దుర్లు. ఎడమ అరచేతి అంచున కరిచిన మచ్చ. చర్మం పొడిబారి పగిలింది.' ఇంకేమైనా మిగిలాయా స్కేలూ?"

"అది... అది వేరే పని కోసం రాసుకున్నాను."

"నా చేతులతో నీకు వేరే పనేంటి?"

నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. చెప్తే సర్‌ప్రైజ్ పోతుందని నా బెంగ.

ఆమె కాగితం జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టింది. "కాలేజీలో ఒకతను నేనంటే ప్రాణమనేవాడు. ఫొటో దిగేటప్పుడు మాత్రం చేతులు వెనక పెట్టుకోమనేవాడు. రెండేళ్లు పెట్టుకున్నాను. నువ్వు అలాంటివాడివి కాదనుకున్నా."

టీ తాగకుండానే వెళ్లిపోయింది.

మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. సర్‌ప్రైజ్‌ని కాపాడుకుంటూ మనిషిని పోగొట్టుకునేలా ఉన్నానని నాకు మూడో రోజుకి గానీ వెలగలేదు. మర్నాడు మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్లి, రెండు కుక్కలకీ ఒక చిలకకీ మధ్య కూర్చున్నాను.

నా వంతు వచ్చింది.

"పేషెంట్ ఏది?" అంది తలెత్తకుండా.

"నేనే."

"మనుషులకి చూడను."

"ఒక్క గంట నాతో రా. ఆ తర్వాత నన్ను చూడనన్నా సరే, ఇటు రాను."

ఏమనుకుందో, కోటు విప్పి తగిలించింది. దారంతా నాకు రెండడుగులు ముందే నడిచింది.

షాపులో అడుగుపెట్టగానే నగలావిడ తలెత్తింది. "చూసొచ్చావా?"

కాగితం ఇచ్చాను. ఆవిడ భూతద్దం సర్దుకుని పైకే చదవడం మొదలుపెట్టింది.

"వాచీ కింద దద్దుర్లు. అంటే నికెల్ పడదేమో. తెల్ల బంగారంలో కొన్నిట్లో అది కలుపుతారు. మనకొద్దు, ప్లాటినం చేద్దాం. కణుపు లావు. సరే, కణుపు దాటేంత వదులు పెట్టి, లోపల గుండ్రంగా నున్నగా తీస్తా. చర్మం పగిలింది. అంచులు ఎక్కడా గీరుకోకూడదు..."

"ఏం చేస్తున్నారండీ?" అంది మా డాక్టరు మెల్లిగా.

"ఉంగరం తల్లీ, నీకు. ఈ అబ్బాయి చెప్పలేదా?"

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఇప్పుడు చెబుతున్నాను," అన్నాను.

ఆమె స్టూలు మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు. రెండూ కలిసే ఉన్నట్టున్నాయి.

"నోరు తెరిచి చెప్పొచ్చుగా, మొద్దూ!"

కొలత కోసం చెయ్యి పెట్టమంటే కొంచెం తటపటాయించింది. నగలావిడ ముందు తన చెయ్యే బల్ల మీద పెట్టింది. నిండా కాలిన మచ్చలు, బొటనవేలి గోరు సగం లేదు. "నలభై ఏళ్ల పని," అంది గొప్పగా. ఆమె దాని పక్కన తన చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత నాతో ఎవరికీ పనిలేకపోయింది. ఆవిడ తెల్లకాగితం మీద రెండు వజ్రాలు పెట్టింది. నేను వెంటనే పెద్దదాని మీద వేలు పెట్టాను.

"ఇందులో పసుపు చాయ ఉంది కదండీ?" అంది డాక్టరు.

"కన్నంటే అదీ! బంగారంలో అయితే ఆ చాయ కలిసిపోతుంది. ప్లాటినంలో పట్టుబడిపోతుంది. ఈ చిన్నదాని కోత చూడు, పడ్డ వెలుగంతా తిరిగి పైకి కొడుతోంది. దీన్ని లోపలికి దించి చుట్టూ అంచు కట్టేస్తాను. గ్లవ్ ఎక్కడా తగులుకోకుండా దీని మీంచి జారాలి."

"ఇదే కావాలి."

"మూడు వారాలు పడుతుంది," అంది ఆవిడ నాతో.

మూడు వారాలా! నేను మూడు నిమిషాలు కూడా ఆగలేకపోయాను.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ఉంగరం లేకుండానే అడుగుతున్నావా?"

"అడుగుతున్నా."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే! అర్థం కాకపోతే రాసుకో."

నగలావిడ దీపం వైపు తిరిగిపోయింది గానీ, భుజాలు కదులుతున్నాయి.

బయటికి రాగానే ఆమె వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. పక్క ఊళ్లో ఉంటాడు. చిన్నప్పుడే తల్లి పోతే, రేడియోలు బాగుచేసుకుంటూ ఒక్కడే పెంచాడు. ఫోన్లో నాలుగు మాటలకి మించి మాట్లాడడని వినడమే గానీ నేనెప్పుడూ ఆయనతో మాట్లాడలేదు.

"నాన్నా, పెళ్లి చేసుకుంటున్నాను." కాసేపు విని, ఫోన్ నా చేతిలో పెట్టింది. "నిన్నే అడుగుతున్నాడు."

"నమస్కారమండీ."

"దానికి కోపం ఎక్కువ. తెలుసా?"

"తెలుసండీ... తెలుసు మామయ్యా."

వరస కలిపేసి తొందరపడ్డానేమో అనుకున్నాను. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అటునుంచి గొంతు సవరించుకోవడం వినిపించింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"భోంచేశారా మీరిద్దరూ?"

"ఇంకా లేదు మామయ్యా."

"అయితే ఇటు వచ్చెయ్యండి. బియ్యం కడుగుతున్నా."