బ్రేకు మీద కాలు

గుట్ట మలుపు కాడ బండి ఆపొద్దు బిడ్డా. పొద్దుగూకినంక అసలే ఆపొద్దు. ఇది నా ఒక్కదాని మాట గాదు. కాగజ్‌నగర్ నుంచి నస్పూర్ దాకా ఏ డ్రైవర్నన్న అడుగు, గిదే చెప్తడు.

కొత్త రోడ్డు పడ్డంక ఈ అడివిల పాత తొవ్వకు వచ్చేటోళ్లే తక్కువ. వచ్చినోళ్లు గుడ మలుపు కాడ హారన్ కొట్టుకుంట, పక్కకు సూడకుంట ఎల్లిపోతరు. ఎందుకంటే ఆడ ఒక రాళ్ల కుప్ప ఉన్నది. ఎన్కట ఒక లారీ డ్రైవర్ ఆడనే, తన బండి కిందనే పడి సచ్చిపోయిండు. ఆ కుప్పల రాయి ముట్టుకుంటే వాని బండి మల్ల ఇల్లు చేరదట. రాత్రిపూట ఆగిన బండిల ఎవలో ఎక్కి కూసుంటరట... అద్దంల సూస్తే ఎవ్వలు కనవడరట.

నేనా? నేను నమ్మ. గుట్ట దిగంగనే ఉన్న ఈ చాయ హోటల్ నాది. కనకవ్వ హోటలంటే ఈ తొవ్వల అందరికెరుకే. ఇన్నేండ్ల సంది గీన్నే ఒక్కదాన్నే పంటున్న. దయ్యమే ఉంటే ముందుగాల నన్ను పట్టాలె గదా? నన్ను పడితె దానికే పరేషాన్, అది వేరే ముచ్చట.

అయితే పోయిన చలికాలం తెల్లారగట్ల తిమోతి అనేటాయన గీ చెట్టు కింద బండి ఆపిండు. ఆయన చెప్పిన ముచ్చట చెప్తా. చాయ తాగుకుంట ఇను, సల్లారితె మల్ల నన్నే అంటవు.

అది బండా? ఇల్లు! పాత డీజిల్ మినీ బస్సు. సీట్లన్ని పీకేసి రెండు మంచాలు బిగిచ్చిండ్రు. గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, దండెం మీద బట్టలు, ముందటి అద్దం కాడ సిలువ. తిమోతిది పెద్దపల్లి. దుబాయిల డ్రైవర్ పని చేసి వచ్చి, ఉన్నదంత ఊడ్సి ఆ బస్సు కొన్నడు. ఆయన హార్మోని వాయిస్తడు, ఆయన బామ్మర్ది ప్రేమ్‌చంద్ డోలక్ కొడ్తడు. ఊరూరు తిరిగి చర్చిలల్ల పాటలు పాడుతరు. అండ్లనే వండుడు, అండ్లనే పండుడు.

పాత డీజిల్ బండంటే ముసలి బర్రె లెక్క బిడ్డా, పాలు తక్కువ, తన్నులెక్కువ. ఒకనాడు రేడియేటర్ కారుతది, ఒకనాడు బెల్టు తెగుతది, ఒకనాడు బ్యాటరీ లేవదు. ఎక్కడ ఆగితె అక్కడ తిమోతి రెంచీలు పట్టుకొని బండి కిందికి దూరుడు, ప్రేమ్‌చంద్ పైనుంచి సాయం జేసుడు. బావ కింద, బామ్మర్ది మీద. ఏండ్ల సంది గట్లనే నడిచింది.

"నాకు సొంత తమ్ముడున్నా గంత నమ్మకపోదును అవ్వా," అన్నడు తిమోతి నాతోని.

ఆ రాత్రి కాగజ్‌నగర్ల సభ అయిపోయింది. తెల్లారితె ఆదివారం, నస్పూర్ల ఆరాధనకు పాటలు పాడాలె. నడుమ తొవ్వల హ్యాండ్ బ్రేకు వైరు తెగింది. "నస్పూర్ల ఏపిద్దాం తియ్ బావా, ఫికర్ జెయ్యకు," అన్నడు ప్రేమ్‌చంద్. బండి కాయితాలకు గడువు దాటింది, కొత్త రోడ్డుమీద పోతే పోలీసులు ఆపుతరని పాత తొవ్వ పట్టిండ్రు.

గుట్ట ఎక్కుతున్నరు... ఇంజన్ గుర్‌గుర్ మన్నది. దగ్గింది. మలుపు కాడికి రాంగనే... ఆగింది.

పక్కనే రాళ్ల కుప్ప.

తిమోతి బ్రేకు తొక్కి పట్టిండు. సుట్టు టేకు చెట్లు, ఒక్క ఆకు కదుల్తలేదు. డీజిల్ వాసన వచ్చింది. ఆయనకు సమజైంది. ట్యాంకి కాడి రబ్బరు పైపు పగిలి గాలి గుంజుతున్నది. గాలి జొర్రితె డీజిల్ బండి నడవదు. కిందికి దూరి పైపు కట్టాలె, వేరే తొవ్వ లేదు.

"ప్రేమ్, దిగి టైర్ల ఎనుక రాళ్లు వెట్టు. గా కుప్పల ఉన్నయి గదా."

"బావా... ఆ కుప్పలయా?"

"రాయి రాయే రా. దేవుని నమ్మినోళ్లం, మనకు దయ్యాల భయమేంది?"

ప్రేమ్‌చంద్ దిగిండు. చీకట్ల కొద్దిసేపు ఆయన చెప్పుల సప్పుడు ఇనవడ్డది. మల్ల వచ్చి ఎక్కిండు.

"పెట్టినవా?"

"పెట్టిన బావా."

"గట్టిగనా?"

"గట్టిగనే."

బామ్మర్దిని సీట్ల కూసోవెట్టి, వాని కాలు బ్రేకు మీద పెట్టిచ్చి, తిమోతి దిగిండు. "నేను బయటికి వచ్చేదాక కాలు తియ్యకు. ఇద్దరం యాది వెట్టుకోవాలె, హ్యాండ్ బ్రేకు లేదు."

"తియ్య బావా."

తిమోతి ఎల్లెలుకల పండుకొని బస్సు కిందికి దూరిండు. పండ్ల నడుమ టార్చి, చేతిల సైకిల్ ట్యూబు ముక్క. ఎనుకకు సూస్తే రోడ్డు మీద ఎర్రటి ఎలుగు పడ్డది. బ్రేకు లైటు. ఎరుపు కనవడుతున్నదంటే బ్రేకు మీద కాలున్నట్టే. దాన్ని సూసుకుంట నిమ్మలంగ పని మొదలువెట్టిండు.

అంతల ఎనుక నుంచి ఒక లారీ వచ్చింది. నెమ్మదిగయింది... ఆగింది. ఏవో మాటలు, గుసగుస. ఎవలో సాయం జేస్తమని అడుగుతున్నరు గావచ్చు అనుకున్నడు. తలుపు సప్పుడైంది.

గప్పుడే... ఎర్ర లైటు ఆరింది.

బస్సు మూల్గింది. ఎనుకకు కదిలింది! ముందటి టైరు ఆయన మీదికి వస్తున్నది. అరుద్దామంటే నోట్ల టార్చి. టైరు వచ్చి అంగిని తొక్కింది, భుజం కాడ బట్ట బిగుసుకపోయింది... ఇగ బొక్కలే...

ఎర్ర లైటు వెలిగింది. బస్సు గుంజినట్టు ఆగింది. అటు లారీ ఎల్లిపోయింది.

తిమోతి టార్చి ఉమ్మేసి అరిసిండు. "ప్రేమ్! కాలు తియ్యకురా! సంపుతవారా నన్ను!"

పైన, రేకు మీద సప్పుడైంది.

టక్ టక్... టక్.

సరే బావా అంటున్నడు, భయానికి వానికి మాట వస్తలేదు అనుకున్నడు తిమోతి. అంగి టైరు కింద ఇరుక్కున్నది, గట్లనే ఒక్క చెయ్యితోని పైపు సుట్టు ట్యూబు సుట్టిండు. బామ్మర్దితోని మాట్లాడుకుంట పని జేసిండు. "ఉన్నవారా?"

టక్ టక్... టక్.

"అయిపోవస్తున్నది, జరసేపు ఓర్సుకో."

టక్ టక్... టక్.

అడిగినప్పుడల్ల గదే. రెండు కొట్టి, ఆగి, ఒకటి. ఆ సప్పుడుతోనే పానం కుదుటవడ్డదట ఆయనకు.

పని అయ్యింది. అంగి పర్రుమని చింపుకొని బయటికి వచ్చిండు. లేస్తుంటే టార్చి ఎలుగు ఎనుక టైరు మీద పడ్డది.

టైరెనుక రాయి లేదు.

అటు దిక్కు సూసిండు, లేదు. ముందటికి వచ్చి సూసిండు, లేదు. ఏ టైరుకు గుడ చిన్న రాయి లేదు. కుప్ప మీద తీగలు పారినయి. ఒక్క ఆకు నలగలే, ఎవ్వలు చెయ్యి వెట్టినట్టే లేదు. పెట్టిన అన్నడు గదా... గట్టిగనే అన్నడు గదా... దయ్యం రాళ్లు ముట్టుకోను భయమైతె భయమని చెప్పొద్దా? అబద్ధమాడి బావను టైర్ల నడుమ పండవెడ్తరా?

ఇంకా బ్రేకు లైటు ఎర్రగనే ఉన్నది. కనీసం కాలన్న తియ్యలే లంగగాడు, అనుకుంట పోయి డ్రైవర్ తలుపు గుంజిండు.

సీట్ల ఎవ్వలు లేరు.

ఎనుక మంచాల కాడ టార్చి కొట్టిండు. ఎవ్వలు లేరు. ప్రేమ్‌చంద్ సంచి లేదు. డోలక్ లేదు. చూడు బిడ్డా... ఆ లారీ ఎక్కి పారిపోయెటోడు సీటు పక్కనున్న సంచి మరిసిపోలే, డోలక్ మరిసిపోలే. కింద పండుకున్న బావనొక్కన్నే మరిసిండు.

తిమోతి టార్చి కిందికి దించిండు. బ్రేకు పెడలు... లోపలికి దిగి ఉన్నది. ఎవలో తొక్కి పట్టినట్టు, పూరా లోపలికి.

ఉరుకుదామనుకున్నడు. ఉరికితె ఇల్లసుంటి బండి లోయల పడుతది. కండ్లు మూసుకొని, ప్రభువా అని, సీట్లకు ఎక్కి ఆ పెడలు మీద కాలు వెట్టిండు. కాలు ఆనంగనే... పెడలు పైకి లేసిందట. మెల్లగ. ఇంకొకలు తమ కాలు తీసుకున్నట్టు.

సెల్ఫ్ కొడితె గాలంత పోయి, ఎంతోసేపటికి ఇంజన్ అందుకున్నది. ఎట్ల గుట్ట ఎక్కిండో ఎట్ల దిగిండో ఆయనకే తెల్వది. నా హోటల్ల దీపం సూసి ఆపిండు.

మొకంల నెత్తురు సుక్క లేదు. అంగి భుజం కాడ చినిగి ఏలాడుతున్నది. బల్ల మీద కూసోవెట్టి చాయ ఇచ్చిన. అప్పుడు ఫోన్ తీసి బామ్మర్దికి చేసిండు. నాకు గుడ ఇనవడ్డది. వాడు ఎత్తంగనే అన్న మొదటి మాట ఏందో తెలుసా?

"బావా... బతికే ఉన్నవా?"

తిమోతి ఫోన్ బల్ల మీద బోర్ల వెట్టిండు. గంత పెద్ద మనిషి, చిన్న పోరని లెక్క ఏడ్సిండు. "దయ్యానికి భయపడి ఉరికిండంటే మాఫ్ జేద్దును అవ్వా. రాళ్లు పెట్టిన అని ఎందుకన్నడు? నా పెండ్లాం మహిమకు ఇప్పుడు ఏం చెప్పాలె? నీ తమ్ముడు నన్ను సంపవోయిండని చెప్పాన్నా?"

నేనేం చెప్తా? నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయి. లోకమే గంత కొడుకా అన్న. దయ్యం గియ్యం ఏం లేదు, పాత బండి, తుప్పు పట్టి పెడలు ఇరుక్కున్నది, గదే నిన్ను కాపాడింది అన్న. ఆయన నెత్తి ఊపిండు. నేనింకో చాయ పోసుకొని వస్తున్న.

"మరి గీ సప్పుడేంది అవ్వా?" అని ఏలుతోని బల్ల మీద కొట్టి సూపిచ్చిండు.

టక్ టక్... టక్.

నా చేతిలకెల్లి గిలాస జారి పడ్డది.

ఎందుకో చెప్తా బిడ్డా. ఇయ్యాల్టిదాక ఎవ్వలకు చెప్పలే. ఆ మలుపు కాడ సచ్చిన లారీ డ్రైవర్ హనుమండ్లు. నా పెనిమిటి. బండి ఆగితె కిందికి దూరిండు. బ్రేకు మీద కూసున్నది ఎవలో పరాయోడైతె నాకు గింత కడుపు కాలకపోవును. నా తమ్ముడు, నా తోడవుట్టిన సంపత్. బీడీ ముట్టిచ్చుకుందామని దిగిండట. ఒక్క బీడీ కోసం! టైరెనుక రాయి లేకపాయె. తెల్లారి శవం కాడికి గుడ రాలే వాడు, మస్కట్ పోయి గాన్నే ఉన్నడు.

ఆ రాళ్ల కుప్ప దయ్యానిది గాదు బిడ్డా, నాది. ఇంకో ఆడిదానికి నా గతి రావద్దని, ఆగిన బండోడు టైరెనుక పెట్టుకుంటడని, వాగులకెల్లి నెత్తి మీద మోసుకవోయి పోసిన. పెట్టుకోండ్రి అని పోస్తే, ముట్టుకోవద్దని పేరు వెట్టిండ్రు.

ఇగ ఆ సప్పుడు. హనుమండ్లు లారీ దిగి ఏ యాళ్లకు ఇంటికి వచ్చినా తలుపు గట్లనే కొడుతుండె. రెండు కొట్టి, ఆగి, ఒకటి. ఒక్కదాన్నే ఉంటనని, భయపడతనని, నేనే వచ్చిన తియ్యి అని చెప్పుడన్నట్టు.

కొత్త రోడ్డు మీదికి హోటల్ మార్సుకో అని అందరు మొత్తుకుంటరు. నేను పోలే. పోతే ఆయనకు ఇల్లు దొరకదని పోలే. ఇన్నేండ్ల సంది గీ తలుపు పక్కపొంటే సాప ఏసుకొని, చెవు ఒగ్గి పంటున్న.

పరాయోని బండిల కూసోని, వాడు అడిగినప్పుడల్ల కొట్టిండట బిడ్డా. మలుపు కాడి నుంచి గీడికి ఎంత దూరం? గుట్ట దిగితె అయిపాయె.

నా తలుపు మాత్రం ఒక్కనాడు కొట్టలే.