కోడలికి చెప్పకుండా మార్చిన టైర్లు

సోమవారం పొద్దున మామగారు సోఫాలోంచి లేవలేదు. కోడలు కారు తాళాలు పట్టుకుని హాల్లోకి వచ్చింది.

“మావయ్యా, బయల్దేరదామా?”

“ఇవాళ వద్దులేమ్మా. ఆ వ్యాయామాలేవో ఇంట్లోనే చేసుకుంటాను. అక్కడ మాత్రం ఏం చేయిస్తున్నారు? కాలెత్తు, కాలు దించు. ముప్ఫై ఏళ్ళు ఇనుప దూలాలు ఎత్తి దించినవాణ్ణి, నా కాలు నేను ఎత్తుకోలేనా?”

ఆయన క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. వేసవిలో మేడమెట్ల మీద జారిపడితే వెన్నులో ఒక పూస చితికింది. ఎముక అతుక్కుంది కాని నడుం నిలవలేదు. ఫిజియోథెరపీ మానేస్తే ఇక మీదట గోడ పట్టుకునే నడవాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. క్లినిక్ కోడలు పనిచేసే ల్యాబ్‌కు వెళ్ళే దారిలో ఉంది. ఆమె అక్కడ కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. పొద్దున ఆయన్ని దింపి, భోజనాల వేళ మళ్ళీ ఇంటికి చేర్చేది. మొదట్లో సరిగ్గానే వెళ్ళారు. తర్వాత సాకులు మొదలయ్యాయి. ఒకరోజు కడుపులో బాగాలేదన్నారు. ఇంకోరోజు ఎవరో ఫోన్ చేస్తామన్నారని కూర్చున్నారు.

కోడలు వంటింట్లోకి వెళ్ళి భర్త పక్కన నిలబడింది.

“నా పక్కన కూర్చోవాలంటే మీ నాన్నగారికి ప్రాణం మీదికొస్తోంది. కారెక్కిన దగ్గర్నుంచీ తలుపు పిడి వదలరు, పెదవి విప్పరు. మీరే తీసుకెళ్ళండి.”

“ఎనిమిదింటికి నాకు క్లాసుంది కదా,” అన్నాడు భర్త. అతను స్కూల్లో లెక్కల మాస్టారు. “నీ డ్రైవింగ్‌కేం, బ్రహ్మాండంగా నడుపుతావు.”

“మరి ఎందుకు రావట్లేదు?”

అతను టీ కప్పు కడగడం మొదలుపెట్టాడు. అది కడిగిన కప్పే.

సంగతి అతనికి ముందురోజే తెలిసింది. తండ్రిని క్షవరానికి తీసుకెళ్తుంటే స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆయన మూలిగారు. కారు పక్కకు ఆపి అడిగితే చెప్పారు.

“గతుకు గతుకూ తిన్నగా వెన్నులోకి దిగుతోందిరా. ఎంత నెమ్మదిగా పోనీ, అంతే.”

ఆ కారుకు రన్‌ఫ్లాట్ టైర్లున్నాయి. వాటి పక్కలు మందంగా ఉంటాయి. గాలి మొత్తం పోయినా ఆ మందం మీదే కారు నిలబడుతుంది, నిదానంగా షాపు దాకా పోవచ్చు. ఆ మందం వల్లే కుదుపు తగ్గకుండా లోపలికి వస్తుంది. అలాంటి టైర్లున్న కారే కావాలని పట్టుబట్టింది కోడలు. పాత కారు ఒకసారి ఊరికి దూరంగా, ఫోన్ సిగ్నల్ కూడా లేని చోట పంక్చరైంది. ఎవరో లారీ ఆపేదాకా ఆమె చంటిపిల్లను ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడింది.

“మామూలు టైర్లు వేయించేద్దాం నాన్నా. తనతో నేను చెబుతాను.”

“చెప్పకు. దాని ధైర్యం ఆ టైర్లే. నాకోసం అది వదులుకోవాలా? మారిస్తే మార్చు, మాట పైకి రానీకు. నల్లగా గుండ్రంగా ఉంటే చాలు, టైరు మొహం ఎవరు చూస్తారు?”

మంగళవారం సాయంత్రం అతను సర్వీసింగ్ అని చెప్పి కారు తీసుకెళ్ళి, నాలుగు టైర్లూ మార్పించాడు. ఆ రకం కార్లకు కంపెనీ స్టెప్నీ ఇవ్వదు, జాకీ ఇవ్వదు. ఇప్పుడవి కావాలి. కాని డిక్కీలో స్టెప్నీ కనపడితే ఆమె అడుగుతుంది. షాపువాళ్ళు ఇస్తామన్నా వద్దన్నాడు.

బుధవారం మామగారు క్లినిక్‌కు వచ్చారు. పిడి పట్టుకోలేదు. కోడలు ఆశ్చర్యపోయింది కాని అడగలేదు.

శుక్రవారం తిరిగి వస్తున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీద టైరు దీపం వెలిగింది. కోడలు వేగం తగ్గించింది, ఆపలేదు.

“కంగారేం లేదు మావయ్యా. ఏదో గుచ్చుకున్నట్టుంది. ఈ టైర్లు గాలి లేకపోయినా ఇంటిదాకా తీసుకెళ్తాయి.”

ఆయన దీపం వైపు చూశారు. రోడ్డు వైపు చూశారు. ముందు వంతెన ఉంది, దాని మీద లారీలు వరసగా పోతున్నాయి. స్టీరింగు ఎడమవైపు లాగడం మొదలైంది. ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

“ఆపమ్మా,” అన్నారాయన.

“ఫరవాలేదు మావయ్యా, ఇవి...”

“ఆపు. ఎందుకని తర్వాత అడుగు.”

ఆమె వంతెనకు ముందే కారు పక్కకు తీసి ఆపింది. ఆయన ఆమె వైపు తిరిగారు.

“ఇవి ఆ టైర్లు కావు. మామూలువి. మంగళవారం మార్పించాడు. నేనే మార్చమన్నాను, నీకు చెప్పొద్దన్నదీ నేనే.”

ఆమె దిగి ఎడమవైపు ముందు టైరు చూసింది. చక్రం అంచు రబ్బరు మీద కూర్చుని ఉంది. డిక్కీ తెరిచింది. అందులో గొడుగు తప్ప ఏమీ లేదు. భర్తకు ఫోన్ చేసి, ఎక్కడున్నారో చెప్పి పెట్టేసింది.

అతను టాక్సీలో వచ్చాడు.

“స్టెప్నీ ఏదండీ?”

“లేదు.”

“జాకీ?”

“అదీ లేదు.”

“స్టెప్నీ లేదు, జాకీ లేదు, నోట్లో మాటా లేదు. ఏం చూసుకుని పంపారు మమ్మల్ని రోడ్డు మీదికి? ఆయన నోరు తెరవకపోతే ఈ టైరుతోనే వంతెన ఎక్కేదాన్ని.”

“నువ్వు భయపడతావని...”

“టైరు పోతుందని కాదండీ నా భయం. ఆరోజు పిలవడానికి మనిషి లేడు, అదీ నా భయం. ఇవాళ నాకు మీరిద్దరూ ఉన్నారు. ఉండీ మళ్ళీ అదే రోడ్డు పక్కన నిలబెట్టారు.”

అతను తలవంచుకున్నాడు. లెక్కల్లో తప్పు దొరికిన పిల్లలు అతని ముందు అలాగే నిలబడతారు.

“వాణ్ణేం అనకమ్మా,” అన్నారు మామగారు కిటికీలోంచి. “నొప్పి నాది, సలహా నాది.”

“ఏం నొప్పి?”

ఆయన చెప్పారు. స్పీడ్‌బ్రేకర్లూ, పిడి, సాకులూ, అన్నీ. ఆమె తలుపు తీసి ఆయన పక్కన కింద కూర్చుంది.

“నెల్లాళ్ళుగా నాకు కారు నడపడం రాదనుకుంటున్నాను మావయ్యా. మీరు పిడి పట్టుకున్నప్పుడల్లా నన్ను చూసే అనుకున్నాను.”

“నిన్ను చూసా? పెద్ద పెద్ద సైట్లలో ఎంతోమంది డ్రైవర్లను చూశాను, నీ అంత పదిలంగా నడిపినవాడు ఒక్కడు లేడు. నీకు వంక పెడితే నాకు కళ్ళు పోతాయి.”

“ఆ ఒక్కమాట ముందే అనుంటే? నొప్పి అంటే చాలు, ఆ టైర్లు నేనే పీకించేదాన్ని.”

ఆమె ఏడ్చింది. ఆయన జేబులోంచి రుమాలు తీసిచ్చారు. దాంట్లో బిళ్ళల అట్ట ఉంది, నొప్పి బిళ్ళలది. ఆమె దాన్ని చూసింది, భర్త చూశాడు. ముందు ఆమెకే నవ్వొచ్చింది.

“ఇంకేమైనా దాచారా మావయ్యా? ఇప్పుడే చెప్పేయండి.”

“చక్కెర డబ్బా ఎలా ఖాళీ అవుతోందో ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

మెకానిక్ వచ్చి టైరు బాగుచేశాడు. ఆ సాయంత్రమే స్టెప్నీ, జాకీ, పొడుగు పిడి స్పానరు డిక్కీలోకి వచ్చాయి. శనివారం ఇంటిముందు ఆమె చక్రం విప్పి, మళ్ళీ బిగించింది. భర్త సాయం రాబోతే పక్కకు జరగమంది.

తర్వాత వారం క్లినిక్‌కు వెళ్తున్నప్పుడు మామగారు దారంతా ఒక్కో గతుక్కీ నివేదిక ఇచ్చారు. “ఇది ఫరవాలేదు. ఇది కొంచెం తెలిసింది. ఇదసలు తెలియనే లేదు.”

“మావయ్యా, బాగున్నప్పుడు చెప్పక్కర్లేదు.”

“మొన్న చెప్పలేదని ఏడ్చావు.”

కాసేపటికి ఆ మాటలూ ఆగిపోయాయి. ఆమె సిగ్నల్ దగ్గర ఆపి పక్కకు చూసింది. ఆయన తల సీటుకు వాలింది, నోరు తెరుచుకుంది, సన్నగా గురక వస్తోంది.

క్లినిక్ ముందు ఇంజిను ఆపింది. భర్త ఫోన్ చేశాడు.

“దిగారా?”

“లేదు. నిద్రపోయారు.”

“లేపు మరి. టైమవుతోంది కదా.”

“లేపుతాను, కాసేపాగండి,” అంది ఆమె గొంతు తగ్గించి. “నేను నడుపుతుంటే నిద్రపోయారండీ.”